ఇంటి కుక్కకు బెదురు పట్టుకుంటే



"మొన్నటిదాకా బాగానే ఉందండీ. ఇప్పుడు వంటింటి గడప తొక్కడం లేదు. పిలిస్తే మంచం కిందకి దూరుతోంది. రాత్రయితే వణుకుతోంది. మేం తిట్టింది లేదు, కొట్టింది లేదు." కుక్కను పెంచుకునే ఇళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు వినపడే మాటలివి. కొందరు దిష్టి తగిలిందంటారు. కొందరు గాలి సోకిందంటారు. కుక్క ఒక మూలకేసి అదేపనిగా చూస్తుంటే, మన కంటికి ఆననిదేదో దానికి కనపడుతోందని పెద్దవాళ్ళు భయపడతారు. పెంచినవాళ్ళ మనసులో మాత్రం ఒకటే బాధ. ఇన్నాళ్ళూ మన కాళ్ళ దగ్గర నిశ్చింతగా పడుకున్న ప్రాణి, మన ఇంట్లోనే ఇలా బిక్కుబిక్కుమంటోందేమిటా అని.

ఆ బెదురుకు కారణాలు ఎక్కడ వెతకాలో, దాన్ని ఎలా పోగొట్టాలో ఇవాళ చెప్పుకుందాం. చిన్నప్పటి నుంచీ పిరికిగా ఉన్న కుక్క వేరు. ఏళ్ళ తరబడి ధైర్యంగా తిరిగి, ఉన్నట్టుండి బెదిరిన కుక్క వేరు. రెండోదానికి ఏదో జరిగింది. దాని ఒంట్లోనైనా జరిగి ఉండాలి, మన ఇంట్లోనైనా జరిగి ఉండాలి. అదేమిటో తెలుసుకోకుండా మొదలుపెట్టిన శిక్షణ ఎక్కువ రోజులు నిలవదు.

ముందు ఒంటి సంగతి చూద్దాం. కుక్క నొప్పిని బయటపెట్టదు. కీళ్ళు సలుపుతున్నా మూలగదు, చాలాసార్లు కుంటదు కూడా. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది, సోఫా ఎక్కడం మానేస్తుంది, నడుం మీద చెయ్యి వేస్తే పక్కకు జరుగుతుంది. మనం వయసు మీద పడుతోందిలే అనుకుని ఊరుకుంటాం. 2018లో ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయం, బ్రెజిల్ పరిశోధకులు కలిసి, చప్పుళ్ళకు భయపడే 20 కుక్కలను పరిశీలించారు. వాటిలో పదింటికి ఎముకల, కండరాల నొప్పి ఉంది. పదింటికి లేదు. నొప్పి ఉన్న కుక్కల్లో భయం సగటున దాదాపు నాలుగేళ్ళు ఆలస్యంగా, అంటే బాగా ఈడు వచ్చాక మొదలైంది. పైగా అది చప్పుడుతో ఆగలేదు. ఆ చప్పుడు విన్న చోటన్నా, తోటి కుక్కలన్నా కూడా వాటికి భయం పట్టుకుంది. పెద్ద చప్పుడు వినగానే ఒళ్ళు ఒక్కసారిగా బిగుసుకుంటుంది కదా, అప్పటికే నొప్పిగా ఉన్న కీలు ఆ క్షణాన కలుక్కుమంటుంది. చప్పుడూ నొప్పీ దాని మనసులో ముడిపడిపోతాయని ఆ పరిశోధకుల ఊహ. నొప్పిని గుర్తించి వైద్యం చేశాక ఆ కుక్కలు బాగా కోలుకున్నాయి.

నొప్పి ఒక్కటే కాదు. చెవిలో చీము పట్టిన కుక్క తల మీదికి చెయ్యి వస్తే చాలు, బెదిరిపోతుంది. వానాకాలంలో, చెవులు వేలాడే లాబ్రడార్, కాకర్ స్పానియల్ వంటి జాతుల్లో ఈ బాధ ఎక్కువ. గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరంలో ఒళ్ళు నొప్పులు, నీరసం ఉంటాయి. కుక్క మూల వెతుక్కుని పడుకుంటుంది. చూపు మందగించిన కుక్క పగలు మామూలుగానే తిరిగి, చీకటి పడితే గుమ్మం దగ్గర నిలబడిపోతుంది. పిలవకుండా వెనక నుంచి తాకితే ఉలిక్కిపడే కుక్కకు వినికిడి తగ్గి ఉండొచ్చు. ఇక ముసలితనంలో మెదడుకు వచ్చే మార్పు ఉంది. 2001లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం 11, 12 ఏళ్ళ కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ళ వాటిలో 68 శాతానికి ఈ మార్పు లక్షణాల్లో ఒకటైనా ఉంది. దారి తప్పినట్టు గోడల వెంట తిరగడం, రాత్రిళ్ళు కారణం లేకుండా అరవడం, తెలిసినవాళ్ళనే కొత్తగా చూడడం ఇందులో భాగాలు.

అందుకే మొదటి అడుగు వెటర్నరీ డాక్టరు దగ్గరికే పడాలి. వెళ్ళేముందు ఒక పని చేయండి. కుక్క నడవడం, మెట్లెక్కడం, పడుకుని లేవడం, బెదిరినప్పుడు చేసే చేష్టలు ఫోనులో వీడియో తీసుకోండి. ఆసుపత్రి బల్ల మీద కుక్క బిగదీసుకుని ఉంటుంది కాబట్టి ఇంట్లో చూపించే లక్షణాలు అక్కడ కనిపించవు. ఇంకో హెచ్చరిక. నొప్పేమోనని మన ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్ళలు వేయకండి. మనకు పనిచేసే మోతాదు కుక్క ప్రాణం మీదికి తేవచ్చు.

ఇక్కడ మరో ముఖ్యమైన విషయం చెప్పకుండా ముందుకు సాగడానికి లేదు. టీకా వేయించని కుక్క, లేదా ఈమధ్య వేరే కుక్క కరిచిన కుక్క ఉన్నట్టుండి చీకటి మూలల్లో దాక్కుంటున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, గొంతు మారినా, దవడ వేలాడి సొంగ కారుస్తున్నా, అది రేబిస్ కావచ్చు. గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టకండి. పిల్లలను దూరం పెట్టి, కుక్క ఉన్న గది తలుపు మూసి, డాక్టరుకు కబురు చేయండి. కరిచినా, గీరినా, గాయం మీద సొంగ పడినా, ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బు నుంచి బతికి బయటపడడం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందు టీకాతో ఆపగలం. ఏటా కుక్కకు వేయించే రేబిస్ టీకా మీ ఇంటిల్లిపాదికీ రక్ష.

డాక్టరు చూసి ఒంట్లో ఏమీ లేదన్నారనుకుందాం. అప్పుడు ఇంటి సంగతి. ఇంటిని మన కళ్ళతో, మన చెవులతో చూస్తే ఏమీ దొరకదు. మనిషి చెవికి 20,000 హెర్ట్‌జ్ వరకే వినిపిస్తుంది. కుక్కకు దాదాపు 45,000 హెర్ట్‌జ్ దాకా వినిపిస్తుంది. ఎలుకలను తరుముతుందని కొని ప్లగ్గుకు తగిలించే పరికరం మనకు నిశ్శబ్దంగా ఉంటుంది. అది చేసే ధ్వని కుక్క చెవికి అందేదే. గోడ సందులో ఎలుకలు చేసుకునే సన్నని కిచకిచలు కూడా అంతే. మూలకేసి చూస్తున్న కుక్కకు దయ్యం కనిపించడం లేదు, ఎలుక వినిపిస్తూ ఉండొచ్చు.

2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు ఇంట్లో రోజూ వినపడే చప్పుళ్ళ మీద పరిశీలన చేశారు. వాక్యూమ్ క్లీనర్‌లా ఏకధాటిగా మోగే బొంగురు చప్పుడు కంటే, బ్యాటరీ అయిపోతున్న పొగ అలారంలా ఆగి ఆగి వచ్చే సన్నని కూత కుక్కలను ఎక్కువ కలవరపెడుతోందని తేలింది. మన ఇళ్ళలో పొగ అలారాలు తక్కువే కానీ, కరెంటు పోగానే కూసే ఇన్వర్టర్ ఉంది, తలుపు తెరిచి ఉంచితే మోగే ఫ్రిజ్ ఉంది, ట్యాంకు నిండిందని చెప్పే అలారం ఉంది. అలాంటి చప్పుడు మొదలైన రోజూ, కుక్క బెదరడం మొదలైన రోజూ ఒకటేనేమో గుర్తుచేసుకోండి.

తర్వాత నేల. గచ్చు నేలలు పోయి, అద్దంలా మెరిసే టైల్స్, గ్రానైట్ వచ్చాయి. తడి నేల మీద ఒక్కసారి నాలుగు కాళ్ళూ జారి పడిన కుక్క ఆ తర్వాత ఆ గది దాటడానికి సాహసించదు. గుమ్మం దగ్గర నిలబడి మనల్ని చూస్తూ ఏడుస్తుంది. మొండికేస్తోందని మనం లాగుతాం. అది నడిచే దారి పొడవునా ఒక గరుకు పట్టాయో, పాత గోనె చాపో పరిచి చూడండి. అరికాలి వేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరించండి, గోళ్ళు పెరగనీయకండి. చాలా కుక్కలకు ఇదే సగం వైద్యం.

మూడోది కరెంటు. ఎర్తు సరిగా లేని కూలర్, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ రేకుకు విద్యుత్తు పాకవచ్చు. చెప్పులు వేసుకుని తిరిగే మనకు తెలియదు. తడి నేల మీద వట్టి పాదాలతో నిలబడి, తడి ముక్కు ఆనించిన కుక్కకు తెలుస్తుంది. వంటింట్లోకో, స్నానాల గది దగ్గరికో రానంటున్న కుక్క ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. కుక్క కోసం చేయించిన ఆ పరీక్ష ఇంట్లో పసిపిల్లల ప్రాణాలు కూడా కాపాడవచ్చు.

నాలుగోది మనుషులు. మనం లేనప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో అడగడం మొహమాటమే. అయినా అడగాలి. పిల్లలు ఆటకు తోక లాగారా? ఎవరైనా చీపురు విసిరారా? కొత్త అల్లుడో, చంటిబిడ్డో ఇంటికి వచ్చి కుక్క పడుకునే చోటు మారిందా? ఈమధ్య రంగులు వేయించి, చెదల మందు కొట్టించి ఇల్లంతా వాసన మార్చేశామా? నిందించడానికి కాకుండా తెలుసుకోవడానికి అడిగితే నిజం బయటికి వస్తుంది. అందుకు చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టుకోండి. ఎప్పుడు బెదిరింది, ఎక్కడ, అప్పుడు ఏం చప్పుడైంది, ఎవరున్నారు, ఎంతసేపటికి తేరుకుంది. వారం పది రోజులు రాస్తే కారణం తనంత తానే కనబడడం మొదలవుతుంది.

కారణం దొరికింది. తీసేయగలిగితే తీసేశాం. కానీ భయం వెంటనే పోదు. కుక్కర్ కూత వినిపించిన క్షణంలోనే నడుం కలుక్కుమన్న కుక్కకు నడుం నయమైనా కుక్కర్ మీద భయం మిగులుతుంది. ఇప్పుడే చాలామంది "అలవాటు చేద్దాం" అని కుక్కను వంటింట్లోకి లాక్కెళ్ళి గొలుసుతో కట్టేస్తారు. కాసేపు పెనుగులాడి అది కదలకుండా పడుకుంటుంది. "చూశారా, అలవాటు పడింది" అంటారు.

ఆ కదలకపోవడానికి అర్థమేమిటో 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ చేసిన ప్రయోగాలు చూపించాయి. తప్పించుకునే వీలు లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కలను తర్వాత ఒక పెట్టెలో ఉంచారు. మధ్యనున్న చిన్న అడ్డు దూకితే షాకు తప్పుతుంది. చాలా కుక్కలు దూకలేదు. పడుకుని భరించాయి. తాము ఏం చేసినా ప్రయోజనం లేదని అవి అప్పటికే నేర్చుకున్నాయని ఆ పరిశోధకులు అప్పట్లో భావించారు. ఇవాళ చదివితే మనసు చివుక్కుమనే ప్రయోగం అది. ఆ కుక్కలు పడ్డ బాధకు మనం ఇవ్వగల గౌరవం, అది నేర్పిన పాఠం మరవకపోవడం. భయపడే కుక్కకు అన్నిటికన్నా ముందు కావలసింది వెనక్కి వెళ్ళే దారి. తాను తప్పుకోగలనని తెలిసిన కుక్కే మళ్ళీ ముందుకు అడుగు వేస్తుంది.

ఆ దారి ఇంట్లో ఏర్పాటు చేయడం కష్టం కాదు. మంచం కింద దూరుతోందా, అక్కడే బొంత పరిచి, పక్కన నీళ్ళ గిన్నె పెట్టండి. మంచం అంచున దుప్పటి వేలాడదీయండి. స్నానాల గదిలో దాక్కుంటోందా, తలుపు తెరిచే ఉంచండి. ఫ్యాను తిరుగుతుంటే బయటి చప్పుళ్ళు కొంత కప్పబడతాయి. అక్కడున్నప్పుడు దాన్ని ఎవరూ పిలవకూడదు, లాగకూడదు, పిల్లలు తొంగి చూడకూడదు. అది గుర్రుమంటే కొట్టకండి. గుర్రుమనడం కరవడానికి ముందు అది చేసే హెచ్చరిక. ఆ హెచ్చరికను మాన్పిస్తే చెప్పకుండా కరిచే కుక్క తయారవుతుంది. అదే తనంత తాను మీ దగ్గరికి వచ్చి ఒరిగితే, దగ్గరికి తీసుకుని నిమరండి. బుజ్జగిస్తే భయం పెరుగుతుందన్నది అపోహ. వీపు నిమిరినందుకు భయం ముదరదు.

ఇక భయాన్ని కరిగించే పద్ధతి. దీని వెనక వందేళ్ళ చరిత్ర ఉంది. 1924లో న్యూయార్క్‌లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలును చూస్తే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ళ లోపు పిల్లవాడి భయం పోగొట్టిన తీరును ప్రచురించారు. పిల్లవాడు ఇష్టమైన తినుబండారం తింటూ ఉండగా, పంజరంలోని కుందేలును గదిలో దూరంగా పెట్టేవారు. పిల్లవాడి తిండి ఆగనంత మేరకే దగ్గరికి జరిపేవారు. చివరికి పీటర్ ఆ కుందేలును చేత్తో నిమిరాడు. కుక్కల విషయంలోనూ మనం చేసేది అదే.

కుక్కర్ కూతనే తీసుకుందాం. ఇష్టమైన తిండి ఎంచుకోండి. ఉప్పూ కారమూ ఉల్లిపాయా వేయకుండా ఉడికించిన కోడిమాంసం చిన్న ముక్కలు, లేదా ఉడికిన గుడ్డు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం. ఈ ముక్కలు మామూలు వేళల్లో పెట్టకండి. వంటింటికి దూరంగా, కూత సన్నగా వినిపించే గదిలో తలుపు తెరిచి కూర్చోండి. కూత వినిపించింది, వెంటనే ముక్క పడింది. మళ్ళీ కూత, మళ్ళీ ముక్క. ఈ వరుస తప్పకూడదు. ముక్క ముందు చూపించి కుక్కను చప్పుడు దగ్గరికి మళ్ళిస్తే, కొన్నాళ్ళకు ముక్కను చూసినా బెదిరిపోతుంది. చప్పుడు ముందు, తిండి వెనక. అప్పుడే కూత వింటే కుక్క మీకేసి చూడడం మొదలుపెడుతుంది.

దూరం ఎంతన్నది కుక్కే చెబుతుంది. ముక్క తినకపోయినా, వేళ్ళు కొరికేంత ఆత్రంగా లాక్కున్నా, ఎండ లేకపోయినా రొప్పుతున్నా, నిద్ర రాకుండానే ఆవులిస్తున్నా, మాటిమాటికీ పెదవులు నాక్కుంటున్నా మనం మరీ దగ్గరికి వచ్చామని అర్థం. ఒక గది వెనక్కి వెళ్ళండి. రోజుకు కొద్ది నిమిషాలు చాలు. మిగతా సమయంలో ఆ చప్పుడు వీలైనంతవరకు తగలకుండా చూడండి. కుక్కను వీధిలోకి తీసుకెళ్ళాకే కుక్కర్ పెట్టుకోవచ్చు. ఈ కొద్దిరోజుల సర్దుబాటు ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. అమ్మ తినిపిస్తుంటే నాన్న గదమాయిస్తే కుక్కకు ఏదీ అర్థం కాదు.

మనకు పెద్ద పరీక్ష దీపావళి. నిమజ్జనం రోజు డీజేలు, పెళ్ళి ఊరేగింపు బాంబులు కూడా. టపాసు పేలే చోటికి నాలుగు మీటర్ల దూరంలో చప్పుడు 125 డెసిబెల్స్ దాటకూడదని మన దేశంలో నిబంధన. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు చప్పుడు చేసే టపాసులు కాల్చకూడదని సుప్రీంకోర్టు 2005లో తీర్పు ఇచ్చింది. ఆ రోజు చీకటి పడకముందే కుక్కను తిప్పి తీసుకురండి. గేటు, తలుపులు వేసి ఉంచండి. హడలిపోయిన కుక్క గోడ దూకి మైళ్ళ దూరం పరిగెత్తి తప్పిపోతుంది, కాబట్టి మెడ పట్టీ మీద ఫోను నంబరు ఉండాలి. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయం 2020లో ప్రచురించిన సర్వేలో, టపాసు పేలిన ప్రతిసారీ తిండి పెట్టడమో, ఆడించడమో చేసిన యజమానుల్లో 70 శాతానికి పైగా మంది అది పనిచేసిందని చెప్పారు. ఖర్చు లేని వైద్యం, ఎవరైనా చేయగలిగిన వైద్యం.

భయం మరీ ముదిరి తిండి మానేసినా, తనను తాను గాయపరచుకుంటున్నా, మందుల గురించి డాక్టరును అడగడానికి జంకకండి. ఫ్లూయాక్సెటిన్ వంటివి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పండగ రాత్రికి మాత్రమే వాడేవి వేరే ఉన్నాయి. ఎసిప్రొమజైన్ లాంటి మత్తు మందు ఒక్కటే ఇస్తే కుక్క కదలదు కానీ లోపల భయం అలాగే ఉండవచ్చు. ఈ తేడా డాక్టరుతో మాట్లాడి తెలుసుకోండి. మందు భయాన్ని తగ్గించి కుక్కకు నేర్చుకునే వీలు కల్పిస్తుంది. నేర్పే పని మాత్రం మనదే.

కొన్ని కుక్కలు పది రోజుల్లో తేరుకుంటాయి. కొన్నిటికి నెలలు పడుతుంది. నాలుగు రోజులు బాగుండి ఐదో రోజు ఉరుముకు మళ్ళీ మంచం కిందకి పోతే, చేసిందంతా వృథా అయిందనుకోకండి. ఒక గది వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి. నోటుపుస్తకం తిరగేస్తే, తేరుకోవడానికి మొదట్లో పూట పట్టిన కుక్క ఇప్పుడు పావుగంటలో తేరుకుంటోందని కనిపిస్తుంది. దాన్నే మెరుగు అనాలి.

మీ ఇంట్లో కుక్క ఇప్పుడు బెదిరి ఉంటే, రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఈ రాత్రికి మాత్రం దాన్ని దాక్కున్నచోటే ఉండనివ్వండి, పక్కన నీళ్ళు పెట్టండి, ఇంట్లో ఎవరూ దాని మీద గొంతెత్తకుండా చూడండి. దానికి తన బాధ చెప్పుకోవడానికి మనం తప్ప ఎవరూ లేరు.